ఒకే బాణీ... మూడు సినిమాలు... ఒక చేట చప్పుడు!

సినిమా పిచ్చిగల మిత్రులారా! ముందుగా మీకో చిన్న పరీక్ష.

స్వీడన్ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ తీసిన 'క్రైస్ అండ్ విస్పర్స్' (1972)... హాలీవుడ్ మాంత్రికుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన 'ఎంపైర్ ఆఫ్ ది సన్' (1987)... రోమన్ పొలాన్‌స్కీ తీసిన 'ది పియానిస్ట్' (2002)... ఈ మూడింటికీ ఉన్న చుట్టరికం ఏమిటో చెప్పుకోండి చూద్దాం!

కథలా? ఒకటి చావుబతుకుల్లో ఉన్న అక్క కథ. ఒకటి తప్పిపోయిన కుర్రాడి కథ. మరొకటి శిథిలాల్లో దాక్కున్న సంగీతకారుడి కథ. నటీనటులా? ఒక్కరు కూడా కలవరు. కలిసేది ఒక్కటే - నాలుగైదు నిమిషాల పియానో బాణీ. మొదటి రెండు సినిమాల్లోనూ అది తెర వెనక నుంచి వచ్చి మన పక్క సీట్లో కూర్చుంటుంది. మూడోదాని విషయంలో చిన్న మెలిక ఉంది. అది తర్వాత చెప్తాను. కాస్త సస్పెన్స్ ఉండాలి కదా!

ఆ బాణీ పేరు మజుర్కా. కట్టినవాడు ఫ్రెడరిక్ షోపాన్. (పేరులోని అక్షరాలు చూసి చాలామంది 'చోపిన్' అంటారు. ప్యారిస్‌వాళ్ళ నోట మాత్రం 'షోపాన్'.) ఆయన రాసిన మజుర్కాలు యాభైకి పైనే ఉన్నాయి. వాటిల్లో ఇది ఓపస్ 17లో నాలుగోది, ఏ మైనర్ శ్రుతిలో ఉంటుంది. 1832-33 ప్రాంతంలో రాశాడు, 1834లో అచ్చయింది.

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి, వ్యాసానికింత అని పుచ్చుకుంటూ పత్రికలకి రాసుకునే ఫ్రీలాన్సర్ని. ముప్పై దాటినా పియానో మీద చెయ్యి పెట్టిన పాపాన పోలేదు. ఈ సినిమాలు మూడూ వేర్వేరు ఏళ్ళలో, వేర్వేరు అద్దెగదుల్లో, అదే పాత లాప్‌టాప్ మీద చూశాను. రెండోది చూస్తున్నప్పుడే 'ఇదెక్కడో విన్నానే!' అనిపించింది. తిరగేసి చూస్తే - అదే! ఇక అప్పటినుంచీ పట్టుకుంది నన్ను.

దెబ్బ ఎక్కడ పడుతుంది?

మజుర్కా అసలు పియానో సరుకు కాదు. పోలెండు పల్లెటూళ్ళ ఆట. వార్సా నగరం చుట్టూ ఉండే ప్రాంతాన్ని మజోవియా అంటారు. ఆ పేరులోంచే ఈ పేరు పుట్టింది. అక్కడి ఆటల్లో ముగ్గురు అక్కచెల్లెళ్ళున్నారు. మజుర్ - హుషారైనది. ఒబెరెక్ - గిరగిరా తిరిగేది, ఊపిరి సలపనివ్వనిది. కుయావియాక్ - నెమ్మదైనది, తలవంచుకు నడిచేది. షోపాన్ ఈ ముగ్గురినీ కలిపేసి, ఒక్కో మజుర్కాలో ఒక్కొక్కరి పోలిక ఎక్కువగా వచ్చేట్టు చేశాడు. మన ఏ మైనర్ మజుర్కాకి కుయావియాక్ పోలిక వచ్చింది.

తాళం మూడు దెబ్బలది. మన భాషలో చెప్పాలంటే 'తకిట - తకిట'. మూడు దెబ్బల తాళమంటే మనకి వెంటనే వాల్ట్జ్ గుర్తొస్తుంది. జంటలు చేతులు పట్టుకుని హాలంతా తిరుగుతూ ఉంటారే, అది. వాల్ట్జ్‌లో బరువు 'త' మీద పడుతుంది. తకిట, తకిట... కళ్ళు మూసుకుని కూడా ఊగచ్చు. మజుర్కాలో అలా కుదరదు. బరువు ఒకసారి 'కి' మీద పడుతుంది, ఒకసారి 'ట' మీద పడుతుంది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేదు, లేదనుకున్నచోట ఉంది! ఆ తడబాటులోనే ఉంది దాని అందమంతా.

పైగా షోపాన్ వాయించే తీరు ఇంకో చిక్కు. ఆయన ఆ మూడింటిలో ఒక దెబ్బని కాస్త సాగదీసేవాడట. ఎంత సాగదీసేవాడంటే, విన్నవాళ్ళకి మూడు కాస్తా నాలుగై వినపడేది! దీని మీద ఓ సరదా గొడవ కూడా జరిగింది. విల్హెల్మ్ ఫాన్ లెంజ్ అనే శిష్యుడు పాఠం చెప్పించుకుంటూ ఉండగా, ఆ రోజుల్లో ఒపేరాలకి చక్రవర్తిలాంటి మేయర్‌బేర్ లోపలికొచ్చి, కాసేపు విని, "ఇది రెండు దెబ్బల తాళం కదా" అన్నాడట. షోపాన్ "మూడు" అన్నాడు. ఆయన "రెండే" అన్నాడు. షోపాన్‌కి ఒళ్ళు మండింది. తానే పియానో ముందు కూర్చుని, నేలకి కాలితో తన్నుతూ, గట్టిగా లెక్కపెడుతూ వాయించాడు. మేయర్‌బేర్ తన మాట వదల్లేదు. ఇద్దరూ ముఖాలు మాడ్చుకునే విడిపోయారు. ఈ సంగతి ఆ లెంజే రాసి పెట్టాడు.

ఇంకోసారి చార్లెస్ హాలే అనే పియానిస్టు కూడా ఇదే మాట అన్నాడు. ఆసారి షోపాన్ కోప్పడలేదు, నవ్వాడు. ఈ ఆట స్వభావమే అంత అన్నాడు. చూశారా! లెక్క ప్రకారం మూడే. కానీ ఆ ఊరివాడి అడుగు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తేలుతుందో కాగితం మీద రాయడం కుదరదు. మన కోలాటం అయినా అంతే కదా! తాళం ఎవడైనా నేర్చుకుంటాడు. ఆ ఊరి ఊపు మాత్రం ఆ ఊళ్ళో పుట్టినవాడికే వస్తుంది.

తిరిగి వెళ్ళని కుర్రాడు

షోపాన్ 1810లో వార్సాకి దగ్గర్లోని జెలజోవా వోలాలో పుట్టాడు. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి పోలెండు ఆవిడ. పధ్నాలుగేళ్ళ వయసులో, 1824 వేసవి సెలవులకి షఫార్నియా అనే పల్లెకి వెళ్ళాడు. అక్కణ్ణించి ఇంటికి ఉత్తరాలు రాయమంటే, అల్లరిగా ఓ ఉత్తుత్తి వార్తాపత్రికే రాసి పంపేవాడు. అందులో ఒక వార్త - కంచె మీద కూర్చుని పాడుతున్న ఓ పల్లెటూరి పిల్ల పాట విని, చేతిలో చిల్లర పెట్టి మళ్ళీ పాడించుకున్నాడట! ఇప్పటి కుర్రాళ్ళయితే సెల్‌ఫోన్ తీసి రికార్డు నొక్కేవాళ్ళు. ఆయన చెవిలో నొక్కుకున్నాడు.

1830 నవంబరు 2న, ఇరవై ఏళ్ళ వయసులో, పేరు సంపాదించుకుందామని వార్సా నుంచి బయల్దేరాడు. నెల తిరక్కుండా - నవంబరు 29న - రష్యా జారు పెత్తనం మీద పోలెండు తిరగబడింది. మరుసటేడు సెప్టెంబరులో వార్సా పడిపోయింది. ఆ వార్త షోపాన్‌కి జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో తెలిసింది. ఇంట్లోవాళ్ళు బతికున్నారో లేదో తెలియక, తన నోటుపుస్తకంలో పిచ్చెత్తినవాడిలా రాసుకున్నాడు. అక్కణ్ణించి ప్యారిస్ చేరాడు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు గాని మళ్ళీ పోలెండు మట్టి తొక్కలేదు.

ఈ మజుర్కా ప్యారిస్ చేరిన మొదటి రెండేళ్ళలో పుట్టింది. ఇప్పుడు వింటే తెలుస్తుంది దాని సంగతి. మొదట్లో పాట ఉండదు. ఎవరో తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కొన్ని స్వరగుచ్ఛాలు మెల్లగా కదులుతాయి. అవి ఏ శ్రుతిలో ఉన్నాయో కూడా తేలదు. అప్పుడు పాట మొదలవుతుంది. మైనర్ కాబట్టి మన చెవికి కీరవాణికి దూరపు చుట్టంలా తోస్తుంది. అలాగని రాగం పేరు పెట్టకండి, మధ్యలో ఎన్నో అన్యస్వరాలు జారిపోతూ ఉంటాయి. పాట తన మొదటి మాటనే మళ్ళీ మళ్ళీ చెప్తుంది. కాని చెప్పిన ప్రతిసారీ ఓ కొత్త గమకం, ఓ కొత్త తడబాటు.

మధ్యలో ఒక్కసారిగా వెలుగొస్తుంది. శ్రుతి మేజర్‌కి మారుతుంది. ఎడమచెయ్యి కింద స-ప పట్టుకుని అదే పనిగా మోగుతుంది. పోలెండు పల్లెల్లో తోలుసంచి వాయిద్యం ఉంది. మన పల్లెల్లో భాగవతాల వాళ్ళు శ్రుతికి తిత్తి ఊదేవారే, దాని దాయాది. ఆ సంచి మోత అది. అంటే ఊళ్ళో జాతర గుర్తొచ్చిందన్నమాట! జోరు పెరుగుతుంది, కాళ్ళ చప్పుడు వినపడుతుంది... అంతలోనే ఆరిపోతుంది. మళ్ళీ అదే ఒంటరి పాట. చివర్లో మళ్ళీ ఆ తలుపు దగ్గరి స్వరాలే. ముగింపు ఇంటికి చేరినట్టు ఉండదు. 'కనుమరుగైపోతూ' అని అర్థమొచ్చే మాట ఒకటి ఆఖర్న రాసి, ఆ ప్రశ్న దగ్గరే వదిలేశాడు షోపాన్.

దీనికి నాట్యం చెయ్యడం తేలిక కాదు. చెయ్యమని ఆయన రాయలేదు. ఆట ఆగిపోయాక, ఆడినవాళ్ళు వెళ్ళిపోయాక, ఒక్కడు కూర్చుని గుర్తు తెచ్చుకుంటే ఎలా ఉంటుందో, అది రాశాడు. అయినా పాలకులకి అది కూడా ప్రమాదమేనన్నాడు సాటి సంగీతకారుడు షూమన్. ఆ మజుర్కాల్లో ఎంతటి శత్రువు దాగున్నాడో జారుకి తెలిస్తే వాటిని నిషేధించేవాడని 1836లో ఆయన రాశాడు. పోలెండు స్వతంత్ర దేశంగా లేని కాలం అది! పోలెండు జాతీయగీతం కూడా మజుర్కా తాళమే.

ఎర్రటి గదుల్లో...

ఇప్పుడు సినిమాలకొద్దాం.

'క్రైస్ అండ్ విస్పర్స్' చూడటానికి కాస్త గుండె కావాలి. పాతకాలపు పెద్ద భవంతి. గోడలు ఎరుపు, తివాచీలు ఎరుపు. కెమెరామన్ స్వెన్ నిక్విస్ట్‌కి ఆస్కార్ తెచ్చిపెట్టిన ఎరుపు! లోపల జబ్బుతో తీసుకుంటున్న ఆగ్నెస్ (హారియట్ ఆండర్సన్). చూడవచ్చిన అక్కచెల్లెళ్ళు కారిన్ (ఇంగ్రిడ్ థులిన్), మరియా (లివ్ ఉల్‌మన్). ఆమెని నిజంగా ప్రేమించే పనిమనిషి అన్నా (కారి సిల్వాన్). సినిమాలో మాట తక్కువ, మూలుగు ఎక్కువ. నేపథ్య సంగీతం దాదాపు లేదనే చెప్పాలి. అలాంటి చోట ఆగ్నెస్ చనిపోయిన తల్లిని గుర్తు చేసుకుంటుంటే ఈ మజుర్కా వినిపిస్తుంది. మళ్ళీ చిట్టచివర్లో, ఆగ్నెస్ పోయాక, అన్నా ఆమె డైరీ తెరిచి చదువుతుంటే వినిపిస్తుంది. తెల్లబట్టలు కట్టుకుని అక్కచెల్లెళ్ళు తోటలో నడుస్తారు, ఉయ్యాల ఎక్కుతారు. ఆ కొద్ది నిమిషాలు తనకి జీవితం ఎంతో ఇచ్చిందని ఆగ్నెస్ గొంతు చెప్తుంది. అంతే, సినిమా అయిపోతుంది.

దీన్ని వాయించింది కెబి లారెటై. ఆవిడ బెర్గ్‌మన్ మాజీ భార్య. అన్నట్టు, ఆవిడది ఎస్టోనియా. తండ్రి స్వీడన్‌లో ఎస్టోనియా రాయబారిగా ఉండగా, 1940లో సోవియట్ యూనియన్ ఆ దేశాన్ని కలిపేసుకుంది. ఊరు పోగొట్టుకున్నవాడి పాటని, ఊరు పోగొట్టుకున్న మనిషి చేతనే వాయించారన్నమాట.

అమ్మ ముఖం

'ఎంపైర్ ఆఫ్ ది సన్' జె.జి. బాలర్డ్ నవలకి తెరరూపం. 1941 చివర షాంఘైని జపాన్ సైన్యం పట్టుకున్నప్పుడు, జనం తొక్కిడిలో జిమ్ అనే ఇంగ్లీషు కుర్రాడు తల్లి చెయ్యి వదిలేసి తప్పిపోతాడు. (వేసినవాడు పదమూడేళ్ళ క్రిస్టియన్ బేల్! తర్వాత బ్యాట్‌మన్ అయ్యాడు.) అంతకుముందు, ఇంట్లో సుఖంగా ఉన్న రోజుల్లో తల్లి పియానో ముందు కూర్చుంటుంది. ఆ ఇంటి పియానో పాట ఇదే మజుర్కా. జాన్ విలియమ్స్ సంగీతంతో వచ్చిన ఆ సినిమా రికార్డులో కూడా ఇల్లూ, బొమ్మ విమానాలూ ఉన్న భాగానికి ఇదే ఉంది.

తర్వాత జిమ్ ఏళ్ళ తరబడి ఖైదీల శిబిరంలో బతుకుతాడు. విమానాలు బాంబులు వేస్తుంటే ఆనందంతో గంతులేసిన ఆ కుర్రాడు, చటుక్కున ఆగి, మా అమ్మానాన్నా ఎలా ఉంటారో గుర్తు రావడం లేదని డాక్టరుతో చెప్తాడు.

నేను సినిమా ఆపేసింది అక్కడే.

మా అమ్మ 2009లో పోయింది. అప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. ఫోటోలున్నాయి - పెళ్ళిది ఒకటి, రేషన్ కార్డుకి తీయించింది ఒకటి, తిరుపతిలో గుండుతో ఉన్నది ఒకటి. గొంతు లేదు. ఇంట్లో ఉన్న ఫోను మాట్లాడుకోవడానికి తప్ప దేనికీ పనికొచ్చేది కాదు. మొన్నామధ్య మా అన్నయ్య కూతురు "బాబాయ్, నానమ్మ గొంతు ఎలా ఉండేది?" అనడిగింది. చెప్పబోయాను. మాటలు గుర్తున్నాయి. "తిన్నావట్రా?" అనేది గుర్తుంది. ఏ శ్రుతిలో అనేదో ఎంత ప్రయత్నించినా రాలేదు. అన్నయ్య వైపు చూశాను. వాడూ తల అడ్డంగా ఊపాడు.

కాని ఒకటి మాత్రం ఉంది. అమ్మ వంటింటి గడపలో కూర్చుని బియ్యం చెరిగేది. చేట రెండుసార్లు తేలిగ్గా ఎగరేసి, మూడోసారి అంచు మీద అరచేత్తో ఒక్క తట్టు తట్టేది. సర్... సర్... టప్! మధ్యలో రాయి కనిపిస్తే ఆగేది, ఏరేది, మళ్ళీ మొదలు. ఆ ఆగడం ఎంతసేపో ఎవరికీ తెలియదు. నేను గదిలో చదువుకుంటూ ఆ టప్పు కోసం ఎదురు చూసేవాణ్ణి. బరువు మూడో దెబ్బ మీద! దెబ్బకీ దెబ్బకీ మధ్య కాస్త సాగతీత! మజుర్కా వింటుంటే నా వేళ్ళు టేబుల్ మీద ఆ చేట చప్పుడే వాయిస్తున్నాయని కొన్నాళ్ళకి గాని గమనించలేదు.

మా అన్నయ్య కూతురికి అదే వాయించి చూపించాను. "నానమ్మ ఇలా ఉండేది" అన్నాను. అది రెండు నిమిషాల్లో నేర్చేసుకుంది. మూడో దెబ్బ నాకంటే బాగా కొడుతోంది!

గొంతు పోతుంది, ముఖం పోతుంది, ఆ మనిషి చేతి లయ మాత్రం ఇంకొకరి చేతుల్లోకి వెళ్తుంది. షోపాన్ ప్యారిస్‌లో కూర్చుని చేసిన పని కూడా ఇదేననిపిస్తుంది నాకు. కంచె మీద పాడిన ఆ పిల్ల ఎవరో ఎవరికీ తెలియదు. ఊళ్ళో ఆడినవాళ్ళు ఎవరో తెలియదు. వాళ్ళ అడుగు మటుకు రెండొందల ఏళ్ళుగా పియానో మీద నడుస్తోంది.

మూడోదాని మెలిక

'ది పియానిస్ట్' కథ మీకు తెలిసే ఉంటుంది. వ్లాదిస్లావ్ స్పిల్‌మన్ వార్సా రేడియోలో పియానిస్టు. 1939 సెప్టెంబరు 23న ఆయన షోపాన్ సంగీతం వాయిస్తుండగా రేడియో మీద దాడి జరిగింది. యూదుడు కాబట్టి ఘెట్టోలోకి నెట్టారు. 1942 ఆగస్టులో తల్లినీ తండ్రినీ తోబుట్టువులనీ ట్రెబ్లింకా మరణశిబిరానికి తీసుకుపోయారు. ఆయనొక్కడే మిగిలాడు. పాడుబడ్డ ఇంట్లో జర్మన్ అధికారి హోసెన్‌ఫెల్డ్ కోసం వాయించే ఘట్టం చూసినవాళ్ళెవరూ మరిచిపోరు. ఏడ్రియన్ బ్రోడీకి ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. తెర మీద కనిపించేది ఆయనే అయినా, వినిపించే పియానో ఎక్కువగా యానుష్ ఒలెయ్‌నిచాక్‌ది.

మరి మన మజుర్కా ఎక్కడ? ఆ సినిమా సంగీతం రికార్డులో ఉంది. దాన్ని వాయించింది నటుడు కాదు, ఒలెయ్‌నిచాక్ కాదు - అసలు స్పిల్‌మనే! 1948లో వార్సాలో రికార్డు చేసింది. యుద్ధం అయిపోయి మూడేళ్ళు. నగరం ఇంకా ఇటుకల కుప్పే. నాజీలు షోపాన్ సంగీతాన్ని నిషేధించారు. 1940 మే నెలలో వార్సా లాజియెంకీ పార్కులోని ఆయన విగ్రహాన్ని పేల్చేశారు. దాన్ని మళ్ళీ నిలబెట్టింది 1958లో. విగ్రహం లేచి నిలబడకముందే స్పిల్‌మన్ పాటని నిలబెట్టాడు. ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న మనిషి ఆ తలుపు దగ్గరి స్వరాలు ఎలా వాయించాడో విని చూడండి.

ఇంకో మాట. షోపాన్ 1849 అక్టోబరు 17న ప్యారిస్‌లో పోయాడు. సమాధి అక్కడే, పేర్ లాషేజ్‌లో ఉంది. గుండెని మాత్రం అక్క లుడ్విక వార్సాకి తీసుకొచ్చింది. అది హోలీ క్రాస్ చర్చి స్తంభంలో ఉంది. మనిషి వెళ్ళలేకపోయినా గుండె ఇంటికి చేరింది.

వినడం ఎలా?

మొదట సినిమాలు చూడకుండా ఒట్టి పియానోనే వినండి. ఆర్థర్ రూబిన్‌స్టీన్ పోలెండువాడే. షోపాన్ మజుర్కాలన్నిటినీ మూడుసార్లు రికార్డు చేశాడు. ఆయనతో మొదలుపెడితే దారి తప్పరు. తర్వాత 1985లో వచ్చిన 'ది లాస్ట్ రొమాంటిక్' అనే డాక్యుమెంటరీలో ముసలి హోరోవిట్జ్ ఇదే ముక్క వాయిస్తాడు, చేతులు చూడండి. ఆ తర్వాత స్పిల్‌మన్‌ది. ముగ్గురూ మూడో దెబ్బని ఎంతెంత సాగదీస్తున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టండి. మేయర్‌బేర్‌తో గొడవపడ్డది ఎందుకో అప్పుడు తెలుస్తుంది. సినిమాలు ఆ మీదట చూడచ్చు. రాత్రి పదిన్నర తర్వాతయితే మరీ మంచిది, పక్కింటి టీవీ ఆగిపోయి ఉంటుంది.

అన్నట్టు, మీ చేతుల్లో ఉన్న ఫోన్లు మా ఇంటి పాత ఫోను లాంటివి కావు కదా! అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు ఓ రెండు నిమిషాలు రికార్డు నొక్కి పక్కన పెట్టండి. పాట పాడమని అడక్కండి, సిగ్గుపడుతుంది. ఊరికే కూర తరగనివ్వండి చాలు.